చూడడానికీ కలపడానికీ నడుమ

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరూ ఒకచోట కూర్చోలేదు. షెడ్డులో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకుంటుంది, దాన్నే మేం జ్వరం అంటాం. నాలుగోసారి లేచిన పురుగుల ఆకలికి అంతుండదు. పొద్దున పరిచిన మల్బరీ ఆకులో మధ్యాహ్నానికి ఈనెలే మిగులుతాయి. కోయడం, మోయడం, పరచడం, మళ్లీ కోయడం. నాకు కాలు నిలవకపోవడానికి అది కారణం. మా కోడలికి కాలు నిలవకపోవడానికి కారణం వేరు.

కోడలిది చిక్కబళ్లాపురం. అక్కడే ఇంజనీరింగ్ చదివింది. బెంగళూరులోని ఒక కంపెనీకి ఇంటినుంచే పని చేస్తుంది. మా ఊరికి మిట్టేమరి దాటి లోపలికి పోవాలి. మా అబ్బాయి చింతామణిలో మోటార్లకు తీగ చుట్టే పనిలో ఉన్నాడు, పొద్దున పోతే సాయంత్రం బస్సుకు వస్తాడు. పగలంతా ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, కోడలు, రెండేళ్ల మనవరాలు.

కోడలి పని కంప్యూటరు అడుగున ఉండే ప్రోగ్రాములో. దాన్ని కర్నెల్ అంటారట. మనకు కనిపించే బొమ్మలు, ఫోన్లో మాటలు, బ్యాంకులో మిషన్లు, అన్నీ దాని మీదే నిలబడి ఉంటాయని చెప్పింది. కాన్పు తర్వాత మళ్లీ పనిలో చేరినప్పుడు ఆమెకు వాళ్లు ఇచ్చిన మొదటి పని ఒక తాళం తీసేయడం.

ఈ తాళం సంగతి నేను ఒక రోజులో అర్థం చేసుకోలేదు. ఆకు కోస్తూ నాలుగైదు సార్లు అడిగి చెప్పించుకున్నాను. కంప్యూటరు లోపల పనివాళ్లు ఎనిమిది మందో పదహారు మందో ఉంటారు. వాళ్లందరికీ కావలసిన సమాచారం ఒక చీటీలో ఉందనుకోవాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు దాన్ని చింపేయకూడదు. అందుకని పాత పద్ధతిలో చీటీని గదిలో పెట్టి తాళం వేశారు. ఎవరికి కావాలన్నా తాళంచెవి తీసుకుని లోపలికి పోవాలి, పని ముగించి చెవి తెచ్చి ఇవ్వాలి. మిగతావాళ్లు వాకిట్లో నిలబడాలి. చదవడం రెప్పపాటు పని, నిలబడడమే ఎక్కువ.

కోడలు ఆ తాళం తీసేసింది. చీటీ మీద ఒక సంఖ్య పెట్టింది. చీటీ పట్టుకున్నవాళ్లు ఒకటి కలుపుతారు, వదిలేవాళ్లు ఒకటి తగ్గిస్తారు. ఎవరు తగ్గిస్తే సున్న అవుతుందో వాళ్లే చివరివాళ్లు కాబట్టి చీటీ చింపి పారేసే పని వాళ్లది. ఎవరూ ఎవరికోసమూ నిలబడనక్కర లేదు.

"ఇద్దరూ ఒకేసారి కలిపితే?" అని అడిగాను. షెడ్డులో రెండు చేతులు ఒకే తట్ట మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు.

"అట్ల కాకుండా చేసేదాన్నే అటామిక్ అంటారు అత్తమ్మా. కలిపేటప్పుడు మధ్యలో ఎవురూ చెయ్యి పెట్టలేరు. అది ముక్కలు కాని పని."

ఆమె చేసిన మార్పు కంపెనీవాళ్లకు నచ్చింది. వాకిట్లో నిలబడే వరసలు తగ్గాయి, పని వేగంగా నడిచింది. రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత ఆ ప్రోగ్రాము వాడేవాళ్ల దగ్గర యాడో ఒకచోట మిషన్లు రెండు మూడు రోజులకొకసారి ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైంది. కంపెనీలో పరీక్ష చేస్తే చావవు. కారణం దొరకదు. తాళం తీసిన చోటే ఏదో జరుగుతోందని మాత్రం తెలుస్తోంది.

ఆమె గుంపుకు పెద్దగా ఉన్నాయన సోమవారం ఫోన్ చేశాడు. శుక్రవారం పన్నెండు లోపల తప్పు దొరక్కపోతే మార్పు మొత్తం వెనక్కి తీసి పాత తాళం పెట్టేస్తామన్నాడు. కోడలిని ఆ గుంపునుంచి వేరేవాళ్లు రాసినదాన్ని పరీక్షించే గుంపుకు మారుస్తామని కూడా అన్నాడట. గట్టిగా అరిచి చెప్పలేదు, మెల్లగానే చెప్పాడు. పాప పుట్టినాక నా బుర్ర మొద్దుబారింది అనుకుంటారు అందరూ, అంది కోడలు.

మంగళవారం, బుధవారం ఆమె పెరట్లో తిరుగుతూనే ఉంది. రెండు చేతుల్లో రెండు కాగితాలు. ఎడమచేతి కాగితం ఒక పనివాడు చేసేది, కుడిచేతి కాగితం ఇంకొక పనివాడు చేసేది. ఒక వరస ఇక్కడ చదివి, ఒక వరస అక్కడ చదివి, వేళ్లు విరుచుకుని, మళ్లీ మొదటినుంచి. గుంపులో ఇంకొక అమ్మాయితో ఫోన్లో కూడా చదివి చూసింది. ఇద్దరూ టపటపా చదివేశారు, తప్పు దొరకలేదు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. మనవరాలు కొంగు పట్టుకుంటే దాన్ని ఎత్తుకుని, ఎత్తుకున్నట్టే మరచిపోయి, దాని తల మీదుగా కాగితం చూసేది.

ఎవరైనా అట్లా తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. గురువారం పొద్దున ఆకు ఒక మేత వేసి వచ్చి అడిగాను.

"ఏమ్మా, ఎండలో అట్ల తిరిగితే తప్పు దొరుకుతాదా?"

"కూర్చుంటే దొరకలేదు గదా అత్తమ్మా."

"రెండు చేతుల్లో రెండు పట్టుకుని నీతో నువ్వే తగువులాడుకుంటాండావు. ఒకటి నాకియ్యి."

ఆమె నవ్వలేదు. కాగితాల్లోంచి తల ఎత్తి నా ముఖం చూసింది. నాకు అర్థమవుతుందా అని అడగడానికి మొహమాటపడిందని తెలిసి, నేనే చెప్పాను. అర్థం చేసుకోవడం నీ వంతు, చదవడం నా వంతు, పెద్ద అక్షరాలు రాసియ్యి చాలు అన్నాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. ఊరి బడిలో మధ్యాహ్నాలు ఆడవాళ్లకు పాఠం చెప్పేవారు, కన్నడంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నేర్చుకున్నది కన్నడ అక్షరాలు. తెలుగు అక్షరాలు ఆ తర్వాత కోడలు నేర్పింది. ఆ రోజు మాత్రం తొందరలో ఆమె తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసిచ్చింది. మా వైపు కొట్లలో సరుకుల చీటీలు కూడా అట్లాగే రాస్తారు కాబట్టి నాకేమీ వింత అనిపించలేదు.

నా కాగితంలో వరసలు ఇవి. చీటీ దగ్గరికి పో. సంఖ్య చూడు. సున్న అయితే వెనక్కి పో. సున్న కాకుంటే తర్వాతి వరసకు పో. సంఖ్యకు ఒకటి కలుపు. చీటీలో ఉండేది చదువు. సంఖ్యలో ఒకటి తగ్గించు, సున్న అయితే చీటీ చింపెయ్.

ఆమె కాగితం ఇంకా చిన్నది. ఆమె పనివాడు అప్పటికే చీటీ పట్టుకుని ఉన్నాడు. పని ముగించు. సంఖ్యలో ఒకటి తగ్గించు. సున్న అయితే చీటీ చింపెయ్.

అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నడుమ ఒక పళ్లెం. దాంట్లో ఒక నిజమైన చీటీ పెట్టింది, మనవరాలి పేరు రాసి. సంఖ్యకు బదులు అనపగింజలు పెట్టుకుందాం అన్నాను, వొలిచినవి పక్కనే ఉన్నాయి. చీటీ పక్కన ఒక గింజ. అంటే ఒకరు పట్టుకుని ఉన్నారని.

మొదటి రెండు సార్లు ఏమీ జరగలేదు. నేను వేలు పెట్టి చదువుతుంటే ఆమె నాకోసం ఆగేది, ఆగి ఆగి కాలు ఆడించేది. మూడోసారి నేను "సంఖ్య చూడు" చదివి పళ్లెంలోకి చూశాను. ఒక గింజ ఉంది. సున్న కాదు. తర్వాతి వరసకు పో అని ఉంది. సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి మా ఆయన కేక వేశాడు.

"ఏమే, కోసిన ఆకు యాడ పెడితివి? పురుగులు తలలెత్తి నన్నే చూస్తాండాయి."

పోక తప్పదు. నేను పోతూ పోతూ కాగితం మీద, ఆగిన వరస కింద ఒక చింతగింజ పెట్టాను. ఇది బడిలో అలవాటైన పని. క్లాసులో అందరికంటే మెల్లగా చదివేదాన్ని నేనే. ఒక వరస చదివేసరికి మిగతా ఆడవాళ్లు పేజీ తిప్పేవాళ్లు, ముసిముసిగా నవ్వేవాళ్లు. మధ్యలో ఆగితే ఎక్కడ ఆగానో వెతుక్కోవడానికే ఇంకొక పూట పట్టేది. అందుకని పాఠం చెప్పే అమ్మాయి నాకొక చింతగింజ ఇచ్చింది. ఎక్కడ ఆగుతావో అక్కడ పెట్టు, మళ్లీ వచ్చినప్పుడు దాని కింద వరసనుంచి చదువు, వెనక్కి పోవద్దు అంది. వెనక్కి పోతే నేను ముందుకు రానని ఆమెకు తెలుసు. ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

ఆకు పరచడానికి అరగంట పైనే పట్టింది. తిరిగి వచ్చేసరికి కోడలు అరుగు మీదే ఉంది. నేను లేనప్పుడు ఊరికే కూర్చోలేక తన కాగితం చదివేసుకుందట. పని ముగించింది, గింజ తీసేసింది, సున్న అయింది కాబట్టి చీటీ చింపి చేటలో పడేసింది. ఇప్పుడు మనవరాలికి గౌను తొడుగుతోంది, నా వైపు చూడలేదు.

నేను చింతగింజ తీసి, దాని కింద వరస మీద వేలు పెట్టాను. "సంఖ్యకు ఒకటి కలుపు" అని చదివి, ఒక అనపగింజ తీసుకుని పళ్లెంలో వేశాను. తర్వాతి వరస చదివాను. "చీటీలో ఉండేది చదువు." పళ్లెంలో గింజ ఒక్కటే ఉంది.

"చీటీ యాడ?"

"చింపేస్తి గదా అత్తమ్మా." ఆమె చేతులు గౌను గుండీల మీదే ఉన్నాయి. "మీరు మొదట్నుంచి చదవండి. సంఖ్య చూస్తే సున్న ఉంటాది. వెనక్కి పోతారు."

"నేను చూసే పోయినాను. అప్పుడు గింజ ఉన్నింది."

"ఇప్పుడు మళ్లీ చూడండి."

"మళ్లీ ఎందుకు చూడల్ల? నా వేలు ఈడుండాది. కలుపు అని ఉండాది, కలిపినాను."

ఆమె గౌను వదిలేసింది. మనవరాలు ఒక చెయ్యి తొడిగి, ఒక చెయ్యి బయట ఉండగానే దిగి పారిపోయింది. కోడలు పళ్లెంలోకి చూసింది, నా వేలి కింద వరస చూసింది, చేటలో చీటీ ముక్కలు చూసింది. నేను ఏదో చెడగొట్టానని అనుకున్నాను.

"తప్పు చేసినానా?"

"లేదు." ఆమె నా వేలి పక్కన తన వేలు పెట్టింది. "మిషను గూడా మొదట్నుంచి చదవదు అత్తమ్మా. మధ్యలో వేరే పనికి పిలిస్తే పోతాది. వచ్చినాక ఆగిన వరస కిందనుంచే చదువుతాది."

నాకు అప్పుడే పూర్తిగా అర్థం కాలేదు. ఆమె కాగితం వెనక గీతలు గీసి చెప్పింది. తాళం ఉన్నప్పుడు కూడా సంఖ్య చూడడం ఒక వరస, కలపడం ఇంకొక వరసే. కాని అప్పుడు తలుపు మూసి ఉండేది కాబట్టి రెండింటి నడుమ ఎవరూ రాలేరు. ఆమె తాళం తీసేటప్పుడు ఒక్కొక్క వరసనూ అటామిక్ చేసింది. చూడడం ముక్కలు కాదు. కలపడమూ ముక్కలు కాదు. ఆ రెంటి నడుమ మాత్రం ఒక సందు మిగిలిపోయింది. ఆ సందులో పనివాడు ఇంకో పనికి పోయి వస్తే, అతను చూసిన చీటీ అప్పటికి చిరిగిపోయి ఉంటుంది. లేని చీటీకి ఒకటి కలిపి, లేని చీటీని చదువుతాడు. మిషను చచ్చేది అక్కడ. ఇద్దరు ఒకే వేగంతో చదివినంతసేపు ఆ సందు కనిపించలేదు. ఎవరైనా మధ్యలో ఆగినా మళ్లీ మొదటినుంచే చదివేవాళ్లు, అందువల్ల కూడా కనిపించలేదు.

"రెండూ ఒకటే వరస కావల్ల," అంది. సున్న కాకుంటేనే కలుపు, కలపలేకపోతే చెప్పు. అంతా ఒకే ముక్క. అట్లాంటి వరస కర్నెల్‌లో ఎప్పటినుంచో తయారుగా ఉందట. తానే దాన్ని వాడలేదు. అది చెప్పేటప్పుడు నుదురు కొట్టుకుంది. మిషనులో కూడా చీటీ చింపినా ముక్కలను కాసేపు చేటలోనే ఉంచే ఏర్పాటు ముందునుంచీ ఉంది కాబట్టి, ఆలస్యంగా వచ్చినవాడు ఆ ముక్కల మీద సున్న చూసి వెనక్కి పోవడానికి వీలుంటుందని కూడా చెప్పింది.

తప్పు దొరికిందని అనుకోవడం వేరు, దొరికిందని చూపించడం వేరు. రెండు మూడు రోజులకొకసారి చచ్చే మిషను మీద రేపు పన్నెండు లోపల ఏం చూపిస్తాం? కోడలు మళ్లీ లేచి తిరగడం మొదలుపెట్టింది. నేనూ లేచాను.

"నేను ఆకు వేసి వచ్చినాను గదా. మిషన్ని గూడా అట్ల పంపియ్యి," అన్నాను.

ఆమె తిరగడం ఆపింది. చూడడానికీ కలపడానికీ నడుమ ఊరికే ఆగమని ఒక వరస రాస్తే చాలని ఆమెకు తట్టింది. సందును పెద్దది చేస్తే మిషను దాంట్లో తొందరగా పడుతుంది. గబగబా లోపలికి పోయి కంప్యూటరు తెరిచింది. అంతలో కరెంటు పోయింది, కరెంటుతో పాటు ఇంటర్నెట్టూ పోయింది. పరీక్ష చేసే మిషను ఉండేది బెంగళూరులో. ఫోన్లో సిగ్నల్ ఒక గీత.

మనవరాలిని మా ఆయనకు అప్పజెప్పాం. ఇంకొక మేత ఆకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. కోడలి స్కూటరు వెనక కంప్యూటరు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను రావలసిన పని లేదు. ఆమె రమ్మనలేదు కూడా. ఇంట్లో ఉంటే మాత్రం ఆకు కోయలేనని తెలుసు. కరెంటు ఉండే చోటికి, బాగేపల్లికి బయలుదేరాం. దారిలో టమాటా బండి ఒకటి అడ్డంగా నిలిస్తే ఆమె హారను మీదనుంచి చెయ్యి తీయలేదు.

బాగేపల్లిలో అర్జీలు, భూముల పహాణీలు తీసిచ్చే ఒక జెరాక్సు కొట్టు ఉంది. ఆ కొట్టాయన మాకు దూరపు చుట్టం. మూల బల్ల ఇచ్చాడు. కోడలు ఆ ఆగే వరస రాసి పంపింది. నేను పక్క స్టూలు మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాను. కొట్టాయన ఇద్దరు రైతులకు ఆధార్ కాగితాలు తీసిచ్చాడు. మూడో మనిషి ఇంకా జేబులో కాగితం వెతుక్కుంటూ ఉండగానే కోడలి తెర మీద అక్షరాలు జలజలా దిగి నిలిచిపోయాయి. బెంగళూరులో మిషను చచ్చింది.

ఆమె చేతుల్లో ముఖం పెట్టుకుని నవ్వింది.

"ఏమ్మా, చెడిపోతే నగతాండావే?" అన్నాడు కొట్టాయన.

"చెడిపోవాలనే వచ్చినాం అప్పా," అంది.

ఆయన నా వైపు తిరిగి, పిల్లకు ఎండ తగిలిందేమో మజ్జిగ తాపియ్యమ్మా అన్నాడు.

ఇంకా రెండుసార్లు చేసింది. రెండుసార్లూ చచ్చింది. అప్పుడు రెండు వరసలనూ ఒకటి చేసి, ఆ ఒక్క వరసకు ముందు ఆ ఆగడాన్ని మాత్రం అట్లాగే ఉంచి మళ్లీ నడిపింది. ఇది కష్టమైన భాగం. చచ్చేదాన్ని చూడడం తేలిక, చావనిదాన్ని ఎంతసేపు చూడాలి? కొట్టు మూసేదాకా చావలేదు. ఇంటికి వచ్చాక కరెంటు ఉంది, చావలేదు. పొద్దున లేచి నేను మొదటి మేత వేసి వచ్చి కిటికీలోంచి అడిగితే, తల అడ్డంగా ఊపింది. చావలేదని.

శుక్రవారం పదకొండు గంటలకు ఆమె అంతా రాసి పంపింది. తప్పు తనదేనని, ఎట్లా జరిగిందో, ఎట్లా సరిచేసిందో. పంపాక ఫోను బల్ల మీద పెట్టి దాని చుట్టూ తిరిగింది. పదకొండున్నరకు పెద్దాయన ఫోన్ చేశాడు. లౌడు స్పీకరులో పెట్టింది. ఆయన ఇంగ్లీషులో మాట్లాడాడు, మధ్యమధ్య కన్నడం. మార్పు ఉంటుంది, తాళం మళ్లీ పెట్టం అని కన్నడంలో చెప్పినప్పుడు నాకు అర్థమైంది. ఇట్లాగే తాళం తీసిన చోట్లు ఇంకేమైనా ఉంటే చూడమన్నాడు. ఆమె అప్పటికే చూసింది, ఇంకొకచోట అదే తప్పు ఉందని చెప్పింది. గుంపు మార్చే మాట ఆయన ఎత్తలేదు. ఆమే అడిగింది. దేనికి మార్చాలి అన్నాడాయన, తానెప్పుడూ ఆ మాట అననట్టు. ఆఖరున, ఈ సందు ఎట్లా దొరికిందని అడిగాడు. మా అత్తగారితో కాగితం మీద చదివి చూశాను, ఆమె మధ్యలో లేచిపోయి వచ్చి ఆగిన చోటినుంచే చదివింది అంది కోడలు. మంచిది అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

నాకు సంతోషంగానే ఉంది. అయినా ఏదో అడగాలనిపించి వాకిట్లోనే నిలబడ్డాను.

"ఆ మధ్యలో ఆగే వరస రాస్తివి గదా. అది ఉంచినావా?"

"తీసేస్తిని అత్తమ్మా. పరీక్షకోసం పెట్టింది అది. ఉంటే అందరి పనీ నిలబడిపోతాది."

"అట్లనా," అన్నాను.

న్యాయమైన మాటే. పని అయిపోయాక దాన్ని ఉంచడానికి కారణం లేదు. అయినా నేను ఆగడం చూసి రాసిన ఆ వరస కొన్నాళ్లు అక్కడ ఉండి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అప్పటికే ఆమె రెండు కంచాలు కడిగి, సోమవారం తర్వాత మొదటిసారి తన కంచంలో రెండు గరిటెల అన్నం పెట్టుకుని, నన్ను రమ్మని పిలుస్తోంది.